పడవని వేలాడదీసింది నేనే

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో సగం వీధులకి ఇంకా చెట్లు కూడా నాటని రోజులవి. అప్పట్లో మాకు ధైర్యం ఎక్కువ, డ్రైవింగ్ తక్కువ. ఎంత ధైర్యమంటే, కారు లైసెన్సు పరీక్షలో నేను మూడుసార్లూ మా బావ రెండుసార్లూ తప్పి, రైల్వే స్టేషన్ నుంచి ఇంటిదాకా బియ్యం బస్తా భుజాలు మార్చుకుంటూ మోస్తున్న దశలో, ఫ్రాన్సు వెళ్ళి పదకొండు మీటర్ల పడవని మాకు మేమే నడుపుకుంటూ వారం రోజులు అక్కడి కాలవల మీద తిరిగొద్దామని నిర్ణయించుకున్నాం. (నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. ముందు ముందు నవ్వడానికి ఇంకా చాలా ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు ఏ సిగ్గూ లేదు. ఆ వయసులో ఆ ప్రయాణం చెయ్యనివాళ్ళే సిగ్గుపడాలి.)

మెల్‌బోర్న్ ఉత్తరాన ఉండే తెలుగువాళ్ళలో ఈ పడవ కథ వినని కుటుంబం ఉండదనుకుంటాను. పార్కులో బార్బీకి, అదే బార్బెక్యూకి, నలుగురు చేరితే చాలు, కోడి ముక్కలు కాలేలోగా ఎవరో ఒకరు "అంకుల్, ఆ పడవ కథ చెప్పండి" అంటారు. నేను చెబుతాను. అందరూ పొట్ట పట్టుకుంటారు. ఆ కథలో ఫ్రాన్సు లాకు మధ్యలో పడవని తాడుకి వేలాడదీసిన తెలివితక్కువ మనిషి మా బావ. పదిహేడేళ్ళుగా ఆయన పేరు 'తాడు బావ'. ఆ పేరు పెట్టింది నేను, కథ కట్టింది నేను, ఊరూరా తిప్పింది నేను. ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో, టూవూంబాలో డాక్టరుగా ఉన్న ఒకాయన మా ఇంటికి మొదటిసారి భోజనానికొచ్చి, బావతో చెయ్యి కలుపుతూ "ఓహో, ఆ తాడు మీదేనా" అన్నాడంటే ఎంత దూరం పాకిందో చూసుకోండి. అందుకని ఇది కాగితం మీద పెడుతున్నాను. ఆ తాడు కట్టింది బావ కాదు, నేను. నోటితో చెప్పి చూశాను. నమ్మినవాళ్ళు తక్కువ, "పాత కథే బావుంది అంకుల్" అన్నవాళ్ళు ఎక్కువ. బావుంటుంది మరి. దానికి పదిహేడేళ్ళు నగిషీ చెక్కాను. ఇదేమో వట్టి నిజం. కష్టపడి చదవండి.

బావ నాకు చుట్టం కాదు. మాది గోదావరి కాలవ గట్టు, ఆయనది హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్. మెల్‌బోర్న్ పడమటి వైపు ట్రుగనీనాలో ఒకే గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతూ కలిశాం. మొదటిరోజే నన్ను "బామ్మర్దీ" అన్నాడు. అంటే ఆయన నాకు బావ కావాలి కదా, అయ్యాడు. దాంతో వాళ్ళావిడ నాకు అక్కయింది. నాకు పెళ్ళయ్యాక మా ఆవిడకి ఆయన అన్నయ్యగారయ్యాడు. అలా ఈ దేశంలో మాకు కావాల్సిన చుట్టరికాలన్నీ రెండు కుటుంబాల్లోనే సర్దేసుకున్నాం. ఒకరోజు గోడౌన్ టీ గదిలో ఎవరో పెద్దాయన వదిలేసిపోయిన రంగుల పుస్తకం బావ చేతికి చిక్కింది. ఫ్రాన్సు కాలవలు, రెండు గట్ల మీదా ఆకాశాన్నంటే చెట్లు, మధ్యలో తెల్ల పడవ, పడవ మీద వైన్ గ్లాసు పట్టుకున్న ముసలి దంపతులు. బావ చూసింది అవేవీ కాదు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఒక్క వాక్యం.

"అరే బామ్మర్దీ, గిది చూడు! లైసెన్సు అక్కర్లేదంట!"

"పడవకి లైసెన్సు లేకపోవడమేంటి బావా?"

"లేదంటున్నరు గదా! ఈడ మనకు కారిస్తలేరు. ఆడ పడవనే ఇస్తమంటున్నరు. దేశమంటే గట్లుండాలె."

పర్మనెంట్ రెసిడెన్సీ కాగితం చేతికొచ్చిన ఏడాది అది. సెలవు దొరికితే ఇండియాకి తప్ప ఇంకెక్కడికైనా వెళ్ళొచ్చన్న ఆలోచనే అప్పటిదాకా మాకు రాలేదు. నాకు పెళ్ళయి నాలుగు నెలలు. కొత్త పెళ్ళాం ముందు నేను తెలియని పని లేదన్నట్టు తిరుగుతున్న రోజులు. బావ పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చి, "ఇందుల లాకులని ఉన్నయ్ బామ్మర్దీ, అవేంది?" అని అడిగితే, మా ఆవిడ వింటోందని గొంతు పెంచి, "లాకులా! నేను పుట్టిందే లాకుల దగ్గర" అన్నాను. అది అబద్ధం కాదు. మా ఊరి కాలవ మీద తెల్లదొరల కాలంనాటి లాకులున్న మాట నిజం. కాకపోతే నేను పుట్టేనాటికే వాటిలోంచి పడవలు వెళ్ళడం మానేశాయి. నా ఎరుకలో 'లాకులు' అనేది ఒక బస్సు స్టాపు పేరు. అక్కడ దిగితే మిరపకాయ బజ్జీలు దొరికేవి. లాకుల గురించి నాకున్న జ్ఞానమంతా అదే. (బజ్జీలు మాత్రం బాగా వేసేవాడు.)

ఫ్రాన్సులో పడవలు అద్దెకిచ్చే చోట, సన్నగా పొడుగ్గా ఉన్న మీసాలాయన మాకు అరగంట పాఠం చెప్పాడు. స్టీరింగ్ ఇది, ఇంజను ఇది, మరుగుదొడ్డి నీళ్ళు ఇలా తోడాలి. తరవాత లాకు సంగతి. కాలవ ఒకచోట ఎత్తులో, ఒకచోట పల్లంలో ఉంటుంది కాబట్టి, మధ్యలో రెండు కొసలా పెద్ద తలుపులున్న రాతి తొట్టి కడతారు. పడవ అందులోకి వెళ్ళాక తలుపులు మూసి, పైకెళ్ళాలంటే నీళ్ళు నింపుతారు, కిందికి దిగాలంటే నీళ్ళు వదిలేస్తారు. అంతసేపూ పడవ ముందు కొస నుంచి ఒక తాడు, వెనక కొస నుంచి ఒక తాడు గట్టు మీది ఇనప గుంజలకి ఒక చుట్టు వేసి, కొసలు చేత్తో పట్టుకుని నిలబడాలి, కట్టెయ్యకూడదు. నీళ్ళు దిగుతుంటే కొద్దికొద్దిగా వదలాలి. మీసాలాయన ఇది వచ్చీరాని ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పాడు. ప్రతిసారీ చూపుడువేలు నా ముక్కు దాకా తెచ్చి, "నో టై, మిస్టర్. నెవర్ టై" అన్నాడు. నేను చిరునవ్వు నవ్వి, మా ఊళ్ళో లాకులున్నాయని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్ను గౌరవంగా చూశాడు. ఆ చూపు మా ఆవిడ కూడా చూసింది. ఇంకేం కావాలి. పక్క కొట్లో బావ ఒక తెల్ల కాప్టెన్ టోపీ కొని తెచ్చి, నా నెత్తిన పెట్టి, "నీకే తెల్సు గదా బామ్మర్దీ, నువ్వే కాప్టెన్" అన్నాడు. టోపీ నా నెత్తిన పెట్టాడన్న మాట దయచేసి గుర్తుంచుకోండి. నా పాత కథలో అది బావ నెత్తి మీదికి ఎప్పుడెక్కిందో నాకే తెలీదు. మా ఆవిడ ఒకసారి "టోపీ మీది కదండీ" అంది కూడా. "ఇద్దరం పెట్టుకున్నాంలే" అని దాటేశాను.

ఆ పడవ వేగం మనిషి నడకంత. మమ్మల్ని గట్టు మీద పరుగెత్తేవాళ్ళు దాటిపోయారు, సైకిలు తొక్కే ముసలమ్మలు దాటిపోయారు, మూడోరోజు ఒక బాతుల కుటుంబం కూడా దాటిపోయింది. అయినా నేను టోపీ సర్దుకుని స్టీరింగ్ తిప్పుతుంటే, ఆ చెట్ల నీడ నీళ్ళ మీద అలా కదిలి వస్తుంటే, నాకంటే గొప్పవాడు భూమ్మీద లేడనిపించింది. వంటగది పడవ మధ్యలో, కిందికి నాలుగు మెట్లు. మేం మెల్‌బోర్న్ నుంచి కుక్కరూ, పది కిలోల సోనా మసూరీ, కందిపప్పూ, చింతపండూ, మా అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ మోసుకెళ్ళాం. (ఫ్రాన్సు వెళ్ళి ఆవకాయ తిన్నారా అని ముక్కు విరిచేవాళ్ళకి ఒకటే జవాబు. తిన్నాం. రోజుకి రెండుపూటలా. ఈసారి వెళ్ళినా అదే తింటాం.)

వెళ్ళేటప్పుడు మూడురోజులూ కాలవ ఎత్తుకి ఎక్కుతూ పోయింది. అంటే ప్రతి లాకులోనూ నీళ్ళు నింపడమే, పడవ పైకి లేవడమే. వెనక తాడు బావది, ముందు తాడు నాది. బావ పాపం మీసాలాయన చెప్పినట్టే చేతులు ఎర్రబడేదాకా తాడు పట్టుకుని నిలబడేవాడు. నాకు రెండో లాకుకే విసుగొచ్చింది. మా మేనమామ చిన్నప్పుడు నాకొక ముడి నేర్పాడు. గేదెని గుంజకి కట్టే ముడి. గేదె లాగేకొద్దీ బిగుస్తుంది తప్ప ఊడదు. ఆ ముడితో తాడు గుంజకి బిగించేసి, చేతులు దులుపుకుని గట్టున తిరిగే ఫ్రెంచివాళ్ళకి చెయ్యూపాను. ఏమీ కాలేదు. నీళ్ళు నిండుతుంటే పడవ పైకి లేస్తుంది కదా, తాడు వదులే అవుతుంది. బావ ఒకసారి చూసి, "అరే, కట్టొద్దన్నడు గదా ఆయన" అన్నాడు. "అదంతా తెలియనివాళ్ళకి బావా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగోరోజు వెనక్కి తిరిగాం. అంటే ఇక దిగడం. ఆ తేడా నా బుర్రకి తట్టలేదు. వచ్చిన దారే, అవే లాకులు, అదే గుంజ అనుకున్నాను. మొదటి లాకుకి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండవడానికి పది నిమిషాలుంది. అక్కడ లాకు చూసుకునేది ఒక ఆవిడ, మంచి ఒడ్డూ పొడుగూ, ఎర్ర ఆప్రన్. పన్నెండు కొట్టగానే లాకు మూసి ఆవిడ భోజనానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఒంటిగంటకే. వాచీ చూపించి, తొందరగా లోపలికి రమ్మని చేతులూపింది. వచ్చాం. బావ వెనక తాడు చుట్టి పట్టుకున్నాడు. నేను ముందు తాడు గుంజకి వేసి, మామూలుగా గేదె ముడి బిగించాను. అప్పుడే వంటగదిలోంచి కుక్కరు మూత తీసిన వాసనతో పాటు మా ఆవిడ గొంతు వచ్చింది.

"ఏవండీ, అన్నం పొగలు కక్కుతోంది. చల్లారితే ఆవకాయ కలవదు, రండి!"

ఇక్కడ నన్ను కొంచెం అర్థం చేసుకోండి. పొగలు కక్కే అన్నంలో ఆవకాయ, పైన నెయ్యి. పిలిచింది నాలుగు నెలల కిందట పెళ్ళాడిన భార్య. పడవ ఆగే ఉంది. తాడు కట్టే ఉంది. ఒక్క ముద్ద తినొచ్చేస్తే ఏమవుతుంది? నాలుగు మెట్లు దిగి కంచం అందుకున్నాను. అక్క పప్పుచారు గిన్నె దించుతూ, "తాడెవరు పట్టుకున్నరు తమ్ముడూ?" అంది.

"బావకి అప్పజెప్పి వచ్చా" అన్నాను.

చూశారా, అంత తేలిగ్గా వచ్చింది. ఆ మాట అనాల్సిన అవసరమే లేదు. 'కట్టేశాను' అని ఉండొచ్చు. కానీ మీసాలాయన "నెవర్ టై" అన్నప్పుడు వీళ్ళిద్దరూ పక్కనే ఉన్నారు. ముద్ద కలిపాను, నోట్లో పెట్టుకున్నాను. రెండో ముద్ద కలుపుతుండగా కంచంలో నెయ్యి ఒక పక్కకి జారింది. తరవాత అన్నం జారింది. తరవాత నేను జారాను. పప్పుచారు గిన్నె పొయ్యి గట్టు మీద నుంచి నిదానంగా, ఏదో పెళ్ళి ఊరేగింపులా సాగి, అంచు దగ్గర ఒక్క క్షణం ఆగి, నేల మీద బోర్లాపడింది. కింద నీళ్ళు దిగుతున్నాయి. పడవ వెనక భాగం నీళ్ళతోపాటు దిగుతోంది. ముందు కొస మాత్రం నా గేదె ముడికి వేలాడుతూ పైనే ఉండిపోయింది. పైనుంచి బావ కేక: "బామ్మర్దీ! మూతి లేస్తున్నదిరా! పడవ మూతి లేస్తున్నది!"

ఎడమచేత్తో కంచం పట్టుకునే పైకి పరుగెత్తాను (కంచం ఎందుకు వదల్లేదని అడక్కండి, నాకూ తెలీదు). తాడు కర్రలా బిగిసి కిర్రు కిర్రుమంటోంది. కుడిచేతి ఆవకాయ వేళ్ళతో ముడి లాగాను. గేదె లాగినా ఊడని ముడి నాకెందుకు ఊడుతుంది? మా మేనమామ పనితనం అలాంటిది. బావ తన తాడుని కొద్దికొద్దిగా వదులుతూనే, నడుము వెనక్కి వాల్చి, వంకర పడవ మీద ఎలాగో నిలబడి, "నీళ్ళు బంద్ చెయ్యమను! బంద్!" అని అరుస్తున్నాడు. లాకావిడ పరుగున వెళ్ళి చక్రం తిప్పి నీళ్ళు ఆపింది. తరవాత తన గుడిసె గోడకి తగిలించి ఉన్న చిన్న గొడ్డలి తీసుకుని వచ్చింది. ఆ గొడ్డలి అక్కడ మాలాంటి వాళ్ళ కోసమే వేలాడుతోందని నాకప్పుడు అర్థమైంది. ఒక్క వేటు. తాడు తెగింది, పడవ ముక్కు దభీమని నీళ్ళలో పడింది, లాకంతా అల లేచింది, టోపీ నీళ్ళలోకి ఎగిరిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. టోపీ, పప్పుచారు తప్ప ఏదీ పోలేదు. అది దేవుడి దయ, కొంత బావ దయ. ఆయన కూడా బెదిరిపోయి తన తాడు వదలకుండా బిగపట్టి ఉంటే పడవ పక్కకి ఒరిగిపోయేదట. ఆ మాట తరవాత మీసాలాయన చెప్పాడు. నా కథలో నేను ఎన్నడూ చెప్పలేదు.

లాకావిడ గట్టు మీద గొడ్డలితో నిలబడి, ఫ్రెంచిలో ఏదో అడిగింది. భాష రాకపోయినా ప్రశ్న తెలుస్తూనే ఉంది: ఎవడు కట్టాడు? లోపలి నుంచి అక్కా, మా ఆవిడా పైకొచ్చారు, చీరల నిండా పప్పుచారుతో. మా ఆవిడ బిక్కమొహంతో బావ వైపు చూసి, "అదేంటి అన్నయ్యగారూ, మీకు అప్పజెప్పి వచ్చానన్నారే ఈయన" అంది. బావ నా వైపు చూశాడు. నా చేతిలో కంచం ఉంది, వేళ్ళకి ఆవకాయ ఉంది. ఒక్క మాట చాలు, అంతా తేలిపోయేది. నేను నోరు తెరవలేదు. బావ చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లాడిలా. "నేనేనమ్మా. మర్చిపోయి కట్టేసిన" అన్నాడు. లాకావిడ ఆయన్ని ఐదు నిమిషాలు తిట్టింది. ఆయన తలవంచుకుని ప్రతి తిట్టుకీ "మెర్సీ, మెర్సీ" అన్నాడు. అంటే థాంక్స్. ఆయనకొచ్చిన ఫ్రెంచి అంతే. ఒంటిగంటకి లాకు తెరిచాక మిగతా నీళ్ళు దిగి ముందుకి కదిలాం. అంతసేపూ నేను ఆవకాయ అన్నం తిన్నాను. చల్లారిపోయింది.

మెల్‌బోర్న్ తిరిగొచ్చిన మొదటి వారాంతంలోనే కథ చెప్పాను. ఎందుకు చెప్పానంటే, నేను చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది, ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తారు. ముందే చెప్పేస్తే కథ నాదవుతుంది. తరవాత అందరూ నవ్వడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. రెండో ఏడాదికి గొడ్డలి పెద్దదైంది. ఐదో ఏడాదికి పడవ నిట్టనిలువుగా లేచింది. పదో ఏడాదికి లాకావిడ బావని తరిమింది కూడా. బావ పక్కనే కూర్చుని అందరికంటే ముందు నవ్వేవాడు. అయితే పార్కులో టెంటు వేసేటప్పుడు ఆయన తాడు ముట్టుకోబోతే ఎవరో ఒకరు లాక్కునేవారు. ఇల్లు మారేవాళ్ళు ట్రక్కులో పరుపులు కట్టడానికి అందర్నీ పిలిచి, ఆయన్ని మాత్రం "బావా, నువ్వు టీ సంగతి చూడు" అనేవారు. ఆయన టీ పెట్టేవాడు.

మేం ఫ్రాన్సు నుంచి వచ్చిన ఏడాదికి బావకి కూతురు పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఈ ఏడాది దానికి పదహారు నిండి, కారుకి, నేర్చుకునేవాళ్ళు పెట్టే పసుపుపచ్చ L పలక తగిలించింది. ఇక్కడ ఇరవై ఒకటి నిండనివాళ్ళు లైసెన్సు పరీక్షకి వెళ్ళాలంటే పక్కన పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని నూట ఇరవై గంటలు నడపాలి. ఇప్పుడు బావ ఎవరనుకున్నారు? ట్రుగనీనా గోడౌన్‌లో కొత్తగా చేరినవాళ్ళకి ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్పే మాస్టారు. ఎంతమందికి నేర్పాడో లెక్కలేదు, ఒక్క పెట్టె కింద పడలేదు. కూతురికి నేర్పుతానని మురిసిపోతూ నల్ల కళ్ళజోడు కూడా కొనుక్కున్నాడు. ఆ పిల్ల ఒక్కటే మాట అంది: "డాడ్, యూ లిటరల్లీ హంగ్ ఎ బోట్." నాన్న పక్కన కూర్చోనంది. అంకుల్ అయితే సేఫ్ అంది. అంకుల్ అంటే నేను.

ప్రతి శనివారం పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. బావ కళ్ళజోడు పెట్టుకుని వాకిట్లో నిలబడి, L పలక సరిగ్గా అంటుకుందో లేదో రెండుసార్లు నొక్కి చూసి, మేం మలుపు తిరిగేదాకా చెయ్యూపేవాడు. తిరిగొచ్చాక నన్ను పక్కకి లాగి, "మిర్రర్ చూస్తున్నదా? భుజం మీదికెల్లి తిరిగి చూస్తున్నదా? బ్రేకు ఝట్కా కొడ్తున్నదా?" అని అడిగేవాడు. నాలుగో శనివారం ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఆ పిల్ల ముందుకే చూస్తూ అంది, "అంకుల్, ఆ బోట్ థింగ్ తరవాత, డిడ్ డాడ్ ఎవర్ సే సారీ టు యూ?"

పచ్చలైటు పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. "గో" అన్నాను.

మరునాడే క్రెయిగీబర్న్ పార్కులో మా వాళ్ళ బార్బీ. మెల్‌బోర్న్ గాలి సంగతి తెలుసు కదా, నీడకి కట్టిన టార్పాలిన్ ఒక మూల ఊడి టపటపా కొట్టుకుంటోంది. బావ లేచాడు. వెంటనే నలుగురు ఒకే గొంతుతో, "తాడు బావకివ్వకండ్రోయ్!" అందరూ నవ్వారు. బావా నవ్వాడు. కూతురు మాత్రం ఫోన్‌లోకి తల దించేసుకుంది. నేను చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి, లేచి నిలబడి చెప్పాను. కట్టింది నేను, టోపీ నాది, ముద్ద నాది, అబద్ధం నాది.

ఎవరూ నమ్మలేదు! "అబ్బ, కొత్త ట్విస్టు!" అన్నాడొకడు. "బావగారి బర్త్‌డేనా ఇవాళ?" అంది ఇంకొకావిడ. బావ కూతురు తలెత్తి, "అంకుల్, యూ ఆర్ జస్ట్ బీయింగ్ నైస్" అంది. నాకు ఒళ్ళు మండింది. మనిషి జీవితంలో ఒక్కసారి నిజం చెబితే ఇలాగా? "సరే, ఆ టార్పాలిన్ మూల బావనే కట్టమనండి" అన్నాను. బావ "ఎందుకురా ఇదంత" అంటూనే తాడు తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఒక పువ్వులాంటిదేదో కట్టి చెయ్యి వదిలాడు. ఒక్క గాలి. టార్పాలిన్ వెళ్ళి పక్కవాళ్ళ బార్బీ మీద పడింది. ఆ గోలలో అక్క గొంతు వినిపించింది, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"ఆయనకు బూటు లేసు కట్టరాదు. పెండ్లైనకాడికెల్లి లేసులున్నయంటే నేనే కట్టాలె. ఇగ పడవేం కడ్తడు?"

అందరూ బావ కాళ్ళవైపు చూశారు. లేసుల్లేని బూట్లు. అక్క నా వైపు తిరిగింది. "ఆ రోజే తెల్సు తమ్ముడూ. ఎన్నడు చెప్తవో అని చూస్తున్న."

పదిహేడేళ్ళు! ప్రతి పండక్కీ నాకు వడ్డిస్తూ, పప్పుచారు గరిటె గరిటెకీ ఎదురుచూసిందన్నమాట. మా ఆవిడ నన్నేమీ అనలేదు. ఎంత ఏమీ అనలేదంటే, ఇంటికెళ్ళాక ఏమంటుందో తెలిసిపోయింది. నేను టార్పాలిన్ తెచ్చి, మా మేనమామని తలుచుకుని, గేదె ముడి వేశాను. గాలి ఎంత కొట్టినా కదల్లేదు. సాయంత్రం సామాన్లు సర్దేటప్పుడు నలుగురు కుర్రాళ్ళు వంతులవారీగా లాగినా ఆ ముడి ఊడలేదు. చివరికి బావ కూతురే మాంసం కోసిన కత్తి తెచ్చి, తాడు కోసి, తెగిన ముడిని చేతిలో పెట్టుకుని కాసేపు తిప్పి తిప్పి చూసింది. తరవాత వాళ్ళ నాన్న దగ్గరకి వెళ్ళి కారు తాళాలు ఆయన అరచేతిలో పెట్టి, వెళ్ళి కారు పక్కన నిలబడింది.

కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతూ బావ నన్ను తిట్టాడు. "మంచిగున్న కథ ఖరాబ్ చేసినవ్ గదరా. ఇగ నన్నెవడు పలకరిస్తడు?"

"ఆ రోజు చెయ్యెందుకెత్తావు బావా?"

"నీకు పెండ్లై నాల్గు నెలలేనాయె. మీ ఆవిడకు నీ సంగతి ఇంకా తెల్వదు. మా ఆవిడకు నా సంగతి అప్పటికే తెల్సు. నాకేం పోతది?" అని గిన్నె బోర్లించాడు. అంతే.

కాబట్టి ఇకమీదట ఎవరైనా 'తాడు బావ' అని పిలిచేవాళ్ళుంటే నన్ను పిలవండి. బావుండదంటారా, అలవాటు చేసుకోండి. అబద్ధానికి నేను సిగ్గుపడుతున్నాను, పదిహేడేళ్ళ నవ్వులకి సిగ్గుపడుతున్నాను. కానీ ఆ మొదటి ముద్దకి మాత్రం సిగ్గుపడమంటే పడను. అంత వేడన్నం, అంత ఆవకాయ, అంత కొత్త భార్య, ఆ చెట్ల నీడ, అన్నీ ఒక్కసారే మళ్ళీ ఎవరిస్తారు నాకు?

నిన్న శనివారం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ముందు సీట్లో బావ, కళ్ళజోడుతో. నన్ను వెనక కూర్చోమంది పిల్ల, "యూ మైట్ లెర్న్ సంథింగ్, అంకుల్" అని. మొదటి రౌండబౌట్ దగ్గరకి కొంచెం వేగంగానే వచ్చింది. నేను తలుపు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బావ ఒళ్ళో చేతులు కదల్చలేదు. "మెల్లగ బిడ్డా, కొద్దికొద్దిగ వదులు" అన్నాడు. కారు నెమ్మదించి, చక్కగా తిరిగి, తిన్నగా అయింది. అప్పుడు అద్దంలోంచి నన్ను చూసి, "నీకు గూడనే చెప్తున్న బామ్మర్దీ" అన్నాడు.

పిడి వదిలి కిటికీలోంచి చూశాను. అప్పట్లో చెట్లు లేని వీధుల్లో ఇప్పుడు చెట్లు ఇంటి కప్పుల్ని దాటాయి. ఎక్కడో ఒక రాతి తొట్టిలో, వంకర పడవ మీద, చేతిలో కంచంతో నిలబడి ఉన్న ఆ ఇరవై ఎనిమిదేళ్ళవాడు గుర్తొచ్చాడు. టోపీ పోయింది, పప్పుచారు పోయింది, అయినా కంచం మాత్రం వదల్లేదు వెధవ.